మొటిమల గుంటలకు పీలా, లేజరా, సూదులా? మూడు క్లినిక్‌లలో మూడు సమాధానాలు వచ్చాయి

మల్లెపందిరి (విజయవాడ) – నవంబరు 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నా వయసు 27 సంవత్సరాలు. పదహారో ఏట మొదలైన మొటిమలు నన్ను పదేళ్లు వదలలేదు. డాక్టరు గారి సలహాతో ఎనిమిది నెలలు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడి ఆగస్టులో ముగించాను. ఇప్పుడు కొత్త మొటిమలు రావడం లేదు కానీ, రెండు బుగ్గల మీద గుంటలు, వాటి మధ్య గోధుమరంగు మచ్చలు మిగిలిపోయాయి.

గత నెలలో మూడు క్లినిక్‌లకు వెళ్లాను. మొదటి చోట గ్లైకాలిక్ పీల్ (ఆమ్లం రాసి చర్మం పైపొరను రాల్చడం) ఆరు సిట్టింగులు చేయించుకోమన్నారు. రెండో చోట ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ నాలుగు సిట్టింగులు అన్నారు. మూడో చోట సూదులతో రేడియోఫ్రీక్వెన్సీ అని, ఆ రోజే మొత్తం డబ్బు కడితే తగ్గింపు ఇస్తామని చెప్పారు. మిగిలిన రెండూ నాకు ఎందుకు పనికిరావో ఎవరూ వివరించలేదు. వచ్చే ఫాల్గుణంలో మా చెల్లి పెళ్లి ఉంది. ఈ మూడింటికీ అసలు తేడా ఏమిటో, నాలాంటి చామనఛాయ చర్మానికి ఏది తగినదో తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం) – నవంబరు 4, రాత్రి 10:05

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కిటికీ పక్కన నిలబడి, వెలుతురు పక్క నుంచి పడేటట్టు అద్దం పట్టుకుని, బుగ్గను రెండు వేళ్లతో మెల్లగా సాగదీయండి. సాగదీసినప్పుడు కనబడకుండా పోయే గుంటలు ఎన్ని, పోనివి ఎన్ని అని లెక్కపెట్టుకుని ఇక్కడ రాయండి. నాకు వైద్యం చేసిన ఆవిడ మొదటి రోజు చేసిన పని అదే. యంత్రం పేరు ఆ తర్వాతే వచ్చింది.

చర్మవైద్యురాలు (తిరుపతి) – నవంబరు 5, ఉదయం 6:48

నేను చర్మవ్యాధులలో ఎం.డి. చేసి పన్నెండేళ్లుగా వైద్యం చేస్తున్నాను. ముఖం చూడకుండా ఫలానా చికిత్స చేయించుకోండి అని చెప్పడం సరికాదు కాబట్టి ఆ పని చేయను. అయితే మీకు చెప్పిన మూడు పద్ధతులు చర్మంలో ఏ లోతున పనిచేస్తాయో వివరిస్తాను. ఈ విషయంలో అన్నింటికన్నా ముందు తెలుసుకోవలసింది లోతు.

ముఖం మీద బాహ్యచర్మం చాలా పలచన, దాదాపు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది ఈ పొర అడుగుభాగంలో. దాని కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంతో అంతశ్చర్మం ఉంటుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అక్కడ ఉంటుంది. మొటిమ మానిన తర్వాత మిగిలే గోధుమరంగు మచ్చ చాలావరకు పైపొరకు సంబంధించినది. గుంట అలా కాదు. మొటిమ చుట్టూ వచ్చిన వాపు లోపలి పొరలోని కొల్లాజెన్‌ను తినేయడం వల్ల పైన ఆనే ఆధారం లేక చర్మం కిందికి దిగిపోతుంది. కొన్నిచోట్ల ఆ దిగిన చర్మం లోపల నార పోగులతో కిందికి కట్టేసినట్టు అతుక్కుపోతుంది.

దీన్ని బట్టి చూస్తే మీరు వెళ్లిన మూడు చోట్లా బహుశా మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానం చెప్పారు. పీల్ చెప్పినవారు మీ మచ్చలను చూశారు. మిగిలిన ఇద్దరూ గుంటలను చూశారు. మీకున్నవి రెండు సమస్యలన్న సంగతి ఎవరో ఒకరు మీకు చెప్పి ఉండవలసింది.

గ్లైకాలిక్ ఆమ్లం చెరకులో ఉండేది, లాక్టిక్ పాల నుంచి వచ్చేది, మాండెలిక్ చేదు బాదం నుంచి వచ్చేది. వీటిని తగిన గాఢతలో కొద్ది నిమిషాలు ముఖానికి రాస్తే మృతకణాల మధ్య పట్టు సడలి పైపొర పొట్టుగా రాలుతుంది. మాండెలిక్ అణువు పెద్దది కనుక నెమ్మదిగా లోపలికి దిగుతుంది. అందుకే త్వరగా నల్లబడే చర్మానికి దాన్ని ఎక్కువగా ఎంచుకుంటాం. సాలిసిలిక్ ఆమ్లం నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాలలోకి వెళ్లగలదు. ఇంకా మొటిమలు వస్తున్నవారికి అది ఉపయోగం. గ్లైకాలిక్‌ను సమయం చూసుకుని క్షార ద్రావణంతో విరిచేయాలి. ఒక నిమిషం ఏమరుపాటుతో అది అనుకున్న లోతు దాటిపోగలదు. ఈ తేలికపాటి పీల్‌లు మచ్చ రంగును తగ్గిస్తాయి, చర్మానికి నునుపునిస్తాయి. ఎన్ని సిట్టింగులు చేసినా లోతైన గుంటను మాత్రం పూడ్చలేవు. ఫినాల్ వంటి లోతైన పీల్ ఆ పని కొంత చేస్తుంది గానీ, అది గుండె లయను దెబ్బతీయగలదు కనుక గుండె పనితీరును కనిపెట్టి చూస్తూ చేయాలి. అంతేకాక మన రంగు చర్మం మీద తెల్లటి మరకలు మిగిల్చే ప్రమాదం ఉన్నందున మన దగ్గర దాన్ని ముఖమంతటికీ దాదాపు వాడరు.

ఇక లేజర్. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు, ఎర్బియం యాగ్ అనే మరో రకం లేజర్‌ది 2,940. రెండూ చర్మంలోని నీటిని వేడిచేసి కణజాలాన్ని ఆవిరి చేస్తాయి. ఎర్బియం కాంతిని నీరు పది రెట్లకు పైగా ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక అది పలచగా చెక్కుతుంది, చుట్టూ వేడి తక్కువ మిగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ మాత్రం చుట్టుపక్కల వేడిని వదులుతుంది. ఆ వేడి వల్లనే కొల్లాజెన్ బాగా బిగుస్తుంది, మన చర్మం నల్లబడడానికీ అదే కారణమవుతుంది. 1990లలో ముఖం పైపొరను మొత్తంగా తొలగించేవారు. నెలల తరబడి ఎర్రదనం, కొందరికి శాశ్వతంగా తెల్లబడడం జరిగేవి. 2004లో అమెరికాలో డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ బృందం ఫ్రాక్షనల్ పద్ధతిని ప్రతిపాదించింది. చర్మమంతా కాల్చకుండా, కంటికి కనబడని సన్నని నిలువు రంధ్రాలుగా కొంత భాగాన్నే దెబ్బకొట్టి, చుట్టూ ఉన్న మంచి చర్మం సాయంతో త్వరగా మానేటట్టు చేయడం దాని సూత్రం. మన నారుమళ్లలో మధ్యమధ్య మొక్కలు తీసినా మిగిలినవి పెరిగి ఆ ఖాళీని కప్పినట్టు ఊహించుకోవచ్చు.

మామూలు సూదుల పద్ధతిలో కాంతి ఉండదు, వేడి ఉండదు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సూదులు లోపలి పొర దాకా దిగి చిన్న గాయాలు చేస్తే, వాటిని మాన్పుకునే క్రమంలో చర్మం కొత్త కొల్లాజెన్ తయారుచేసుకుంటుంది. పైపొర చాలావరకు చెక్కుచెదరదు కనుక నల్లబడే భయం లేజర్ కన్నా తక్కువ. రేడియోఫ్రీక్వెన్సీ కలిపిన యంత్రాలలో సూది కొస దగ్గర విద్యుత్తుతో వేడి పుట్టిస్తారు. ఏ పద్ధతిలోనైనా కొల్లాజెన్ ఏర్పడి కుదుటపడడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అందువల్ల రెండు వారాలకు అద్దం చూసుకుని ఫలితం తేల్చకూడదు. వెంటనే కనబడే నునుపులో కొంత భాగం వాపు వల్ల వచ్చేదే.

ఓరుగల్లు_ఆడపడుచు (హనుమకొండ) – నవంబరు 5, మధ్యాహ్నం 1:30

డాక్టరు గారు నల్లబడడం గురించి ఒక్క వాక్యంలో చెప్పారు. నేను అనుభవించినదాన్ని కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను.

మూడేళ్ల కిందట ఏప్రిల్ చివరి వారంలో ఒక క్లినిక్‌లో ఫ్రాక్షనల్ లేజర్ చేయించుకున్నాను. ఆ క్లినిక్ పేరు చెప్పను. నా చర్మం రంగు ఏ తరగతిదో చూడలేదు, చెవి వెనక చిన్న ముక్క మీద పరీక్షించలేదు, ముందుగా ఏ క్రీమూ ఇవ్వలేదు. డాక్టరు ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయారు. యంత్రం పట్టుకున్నది మరొకరు. వారం తర్వాత పొక్కులు రాలిపోయి ముఖం గులాబీరంగులో బాగానే ఉంది. మూడో వారంలో రెండు బుగ్గల మీదా గళ్లచొక్కా మీది గళ్లలాగా వరుసలు వరుసలుగా గోధుమరంగు చుక్కలు తేలాయి. నేను రోజూ బండి మీద ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఆ ఎండలలో ముఖానికి చున్నీ చుట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. ఆ చుక్కలు పూర్తిగా పోవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నేను పెళ్లిచూపులకు ఒప్పుకోలేదు, ఫోటోలు దిగలేదు. గుంటలు కొంత తగ్గిన మాట నిజమే. అయితే ఎవరైనా నన్ను అడిగితే లేజర్ వద్దని చెప్పను, ఎండాకాలంలో వద్దని, పరీక్ష చేయకుండా వద్దని చెబుతాను.

చర్మవైద్యురాలు (తిరుపతి) – నవంబరు 5, రాత్రి 9:20

ఓరుగల్లు_ఆడపడుచు గారూ, మీకు జరిగినదాన్ని వాపు తర్వాత వచ్చే నల్లదనం అంటాం. చర్మానికి ఏ దెబ్బ తగిలినా మన చర్మం మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. దోమ కుట్టినచోట కూడా నెలల తరబడి మచ్చ నిలవడం మనందరికీ తెలిసినదే. హార్వర్డ్‌కు చెందిన థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో చర్మాన్ని అది ఎండకు కందుతుందా, నల్లబడుతుందా అన్న దాన్ని బట్టి వర్గీకరించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అది ఆరు తరగతులైంది. తెలుగువారిలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతులలోకి వస్తారు. తెల్లవారి చర్మానికి రూపొందిన యంత్రపు సెట్టింగులను ఈ తరగతులకు అలాగే వాడకూడదు. శక్తిని తగ్గించాలి, రంధ్రాల మధ్య దూరాన్ని పెంచాలి, సిట్టింగుల మధ్య ఎక్కువ వ్యవధి ఇవ్వాలి. నా దగ్గరకు వచ్చేవారికి లోతైన చికిత్సలను నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్యనే పెడతాను.

మరొక మాట. కార్బన్ డయాక్సైడ్ లేజర్ మెలనిన్‌ను వెతుక్కుంటూ వెళ్లదు కనుక అన్ని రంగుల చర్మానికీ ఒకేలా సురక్షితం అని కొందరు ప్రచారం చేస్తారు. అది సగం నిజం. లేజర్ లక్ష్యం నీరే. కానీ అది మిగిల్చిన వేడికి, వాపుకు ప్రతిస్పందించేది మెలనిన్ తయారుచేసే కణాలే.

మల్లెపందిరి (విజయవాడ) – నవంబరు 6, ఉదయం 7:15

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. గోదారిగట్టు గారు చెప్పిన పరీక్ష చేశాను. కుడి బుగ్గ మీద వెడల్పుగా అలల్లా ఉన్నవి సాగదీస్తే దాదాపు కనబడడం లేదు. ఎడమ కణత దగ్గర సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవి ఆరేడు మాత్రం అలాగే ఉన్నాయి. రెండో క్లినిక్‌లో ఐసోట్రెటినోయిన్ ఆపి ఆరు నెలలు కాకపోతే ఏమీ చేయకూడదని అన్నారు, మూడో చోట అదేమీ అవసరం లేదన్నారు. ఇందులో ఏది నిజం?

ఇంకొక సంగతి చెప్పాలి. మచ్చలకని మా పిన్ని కూతురు చెప్పిన క్రీమును మందుల దుకాణంలో కొని రెండు నెలలుగా రాస్తున్నాను. మొదటి రెండు వారాలలో ముఖం అద్దంలా తెల్లబడింది. ఇప్పుడు ఒక్క రాత్రి రాయకపోతే ఎర్రబడి మండుతోంది, బుగ్గల మీద సన్నని నూగు కూడా వస్తోంది. దీనికీ చికిత్సకూ సంబంధం ఉంటుందా?

మందులమేడ (నెల్లూరు) – నవంబరు 6, ఉదయం 10:40

నేను ఫార్మసిస్టును. అమ్మా, ఆ ట్యూబు మీద కూర్పు చదవండి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, వాటితో పాటు మోమెటాసోన్ లేదా ఫ్లువోసినోలోన్ అని ఉంటే అది మూడు మందులు కలిపిన క్రీము. చివరిది స్టెరాయిడ్. మంగుమచ్చలకు డాక్టరు కొద్ది వారాలకు మాత్రమే రాసి, గడువు చెప్పి ఆపించే మందు అది. బెటామెథాసోన్ ఒక్కటే ఉన్న ట్యూబులను కూడా ఫెయిర్‌నెస్ క్రీములాగా వాడేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మన దేశంలో 2018 నుంచి స్టెరాయిడ్ ఉన్న చర్మలేపనాలను చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన కచ్చితంగా అమలులోకి తెచ్చారు. అయినా పేరు చెప్పి అడిగితే ఇచ్చే దుకాణాలు ఉన్నాయని మా వృత్తిలో ఉన్నవాడిగా బాధతో ఒప్పుకుంటున్నాను. నా దుకాణానికి వచ్చే కాలేజీ పిల్లలకు నేను ఇవ్వను. వారు పక్క వీధికి వెళ్లి కొనుక్కుంటారు.

మల్లెపందిరి (విజయవాడ) – నవంబరు 6, ఉదయం 11:25

ఇప్పుడే చూశాను. మోమెటాసోన్ ఉంది.

చర్మవైద్యురాలు (తిరుపతి) – నవంబరు 6, రాత్రి 8:55

మల్లెపందిరి గారూ, అయితే ప్రస్తుతానికి పీల్, లేజర్, సూదులు అన్నీ పక్కన పెట్టండి. స్టెరాయిడ్ వల్ల ముఖచర్మం పలచబడి, రక్తనాళాలు తేలి, చిన్న ఆమ్లానికి కూడా తట్టుకోలేని స్థితికి వస్తుంది. దీన్ని మేము స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖం అని ఒక ప్రత్యేక స్థితిగా పరిగణిస్తాం. ఆ చర్మం మీద గ్లైకాలిక్ పెడితే పొట్టు రాలడంతో ఆగదు, కాలుతుంది. ఉన్నట్టుండి మానేస్తే మంట, ఎర్రదనం విపరీతమవుతాయి కనుక చర్మవైద్యుడి పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకుంటూ ఆపాలి. ఇది మీ గుంటల కన్నా ముందు చేయవలసిన పని. మూడు క్లినిక్‌లలో ఒక్కరైనా మీరు ముఖానికి ఏం రాస్తున్నారని అడిగారా?

ఐసోట్రెటినోయిన్ విషయంలో మీకు చెప్పినవి రెండూ పూర్తిగా సరికావు. ఆరు నెలలు ఆగాలన్న పాత నియమం 1980లలో ఆ మాత్ర వాడినవారికి డెర్మాబ్రేషన్ (చర్మాన్ని అరగదీయడం) తర్వాత పెద్ద మచ్చలు కట్టిన కొద్దిపాటి కేసుల నుంచి వచ్చింది. 2017లో అమెరికాలో చర్మ నిపుణుల బృందం ఒకటి ఆధారాలను మళ్లీ పరిశీలించి, తేలికపాటి పీల్‌లు, ఫ్రాక్షనల్ లేజర్‌ల వంటి వాటిని వాయిదా వేయడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. యంత్రంతో చేసే డెర్మాబ్రేషన్‌ను, పైపొరను మొత్తంగా తీసేసే లేజర్‌ను మాత్రం మాత్రలు వాడుతున్నప్పుడు గానీ, ఆపిన కొత్తలో గానీ చేయవద్దని చెప్పింది. పెదవులు, చర్మం ఇంకా పొడిబారుతూ ఉంటే మాత్రం నేను మరికొంత కాలం ఆగుతాను.

మంగళగిరి_అమ్మ – నవంబరు 7, మధ్యాహ్నం 3:10

నాకు 46 ఏళ్లు. రెండో కాన్పు నుంచి బుగ్గల మీద మంగు ఉంది. ఇక్కడ గుంటల గురించి మాట్లాడుతున్నారు గానీ, ఇదే లేజర్‌తో మంగు కూడా పోతుందా అని అడుగుతున్నాను. నాకు తెలిసిన ఒకావిడకు రెండు నెలలలో పోయిందట.

చర్మవైద్యురాలు (తిరుపతి) – నవంబరు 7, రాత్రి 9:30

అమ్మా, మంగుకు చర్మాన్ని చెక్కే లేజర్ చేయించుకోవద్దు. మంగు వేడితోనే పెరిగే జబ్బు. పోయిందనుకున్నది మూడు నెలల తర్వాత మునుపటి కన్నా నల్లగా తిరిగి రావడం నేను చాలామందిలో చూశాను. మీకు ముందు కావలసింది సన్‌స్క్రీన్. మామూలు ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది కానీ, మంగును పెంచే కంటికి కనబడే వెలుగును అంతగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమరంగులో ఉండే రకం వాడండి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకోవాలి. చాలామంది రాసుకునేది అందులో పావు వంతు కూడా ఉండదు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే పని ఉంటే ఆ వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వీటితో పాటు రాసుకునే మందులు, కొందరికి లోపలికి తీసుకునే మాత్రలు, ఆ తర్వాత అవసరమైతే తేలికపాటి పీల్ వస్తాయి. లేజర్ చివరి మాట, అది కూడా తక్కువ శక్తితో పనిచేసే వేరే రకం.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం) – నవంబరు 8, ఉదయం 6:20

మల్లెపందిరి గారు చెప్పిన రెండు రకాల గుంటలూ నాకు ఉండేవి కాబట్టి నాకు చేసినదేమిటో రాస్తాను.

2001 నుంచి వైద్యులు ఈ గుంటలను మూడుగా విభజిస్తున్నారని మా డాక్టరు చెప్పారు. సన్నగా లోతుగా ఉండేవి ఐస్‌పిక్, అంచులు నిటారుగా పెట్టెలా ఉండేవి బాక్స్‌కార్, అలల్లా ఉండేవి రోలింగ్. సాగదీస్తే పోయేవి రోలింగ్ రకం. వాటికి నాకు సబ్‌సిషన్ చేశారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, చర్మం కింద అడ్డంగా సూది పోనిచ్చి, కిందికి లాగి ఉంచిన నార పోగులను తెంపుతారు. పోగు తెగినప్పుడు పట్టుగుడ్డ చినిగినట్టు చిన్న శబ్దం నాకే వినిపించింది. పది రోజులు బుగ్గ నీలంగా కమిలి ఉంది. నాకు అన్నింటికన్నా ఎక్కువ మార్పు తెచ్చింది అదే. దానికి పెద్ద యంత్రం ఏమీ అవసరం లేదు కాబట్టి కాబోలు, ప్రకటనలలో దాని పేరు కనబడదు.

ఐస్‌పిక్ గుంటలకు క్రాస్ అనే పద్ధతి చేశారు. కొరియా వైద్యులు 2002లో ప్రచురించినదట. గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని టూత్‌పిక్ కొసతో ఒక్కొక్క గుంట అడుగున మాత్రమే అద్దుతారు. క్షణాలలో అది సుద్దముక్కలా తెల్లబడుతుంది, వారంలో చిన్న పొక్కు రాలుతుంది, గుంట అడుగు నుంచి మెల్లగా పైకి వస్తుంది. నాకు ఐదు వారాలకొకసారి నాలుగు మార్లు చేశారు. ఆ తర్వాతే సూదులు మూడు సిట్టింగులు. మొత్తం ఏడాదిన్నర పట్టింది. గుంటలు పూర్తిగా పోలేదు. దాదాపు సగం తగ్గాయి. పక్కవెలుతురులో ఇప్పటికీ కనబడతాయి, అయినా నేను ఆ కుర్చీ నుంచి లేచి వేరే చోట కూర్చోవడం మానేశాను.

డాలస్_తెలుగు – నవంబరు 8, రాత్రి 11:50

గోదారిగట్టు గారు చెప్పిన ఆమ్లాన్ని ఎవరూ ఇంట్లో ప్రయత్నించవద్దని వేడుకుంటున్నాను. ఇక్కడ అది ఆన్‌లైన్‌లో చిన్న సీసాలలో దొరుకుతుంది. నా గదిలో ఉండే అమ్మాయి కొని వీడియో చూస్తూ గడ్డం మీద రాసుకుంది. ఆమెకు ఇప్పటికీ ఆ చోట తెల్లటి మరక ఉంది. 2024 జూలైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి గాఢమైన పీల్ ద్రావణాలను వైద్యుల పర్యవేక్షణ లేకుండా కొని వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. తీవ్రమైన కాలిన గాయాలు, చర్మం రంగు మారిపోవడం జరుగుతున్నాయని చెప్పింది. అదే సంస్థ గత నెలలో, అంటే 2025 అక్టోబరులో, సూదులతో కూడిన రేడియోఫ్రీక్వెన్సీ గురించి కూడా హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, చర్మం కింది కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం నమోదయ్యాయట. అది పనికిరాని చికిత్స అని నేను అనడం లేదు. నల్లబడదు అన్న ఒక్క మాట చూసి దాన్ని పూర్తిగా ప్రమాదం లేనిదిగా అనుకోకూడదు.

ఇక్కడ ఉండే మనవారికి ఒక మాట. నేను వెళ్లిన చర్మవైద్యుడు నా రంగు చూసి, కార్బన్ డయాక్సైడ్ లేజర్ వద్దని, పైపొరను తెరవకుండా లోపల వేడిచేసే 1,550 నానోమీటర్ల ఎర్బియం గ్లాస్ లేజర్‌ను తక్కువ సాంద్రతతో వాడారు. సిట్టింగులు ఎక్కువ పట్టాయి కానీ రెండు మూడు రోజుల ఎర్రదనంతో సరిపోయింది. దక్షిణాసియా చర్మానికి ఎంతమందికి చేశారని ముందే అడగండి. అలా అడిగినందుకు ఆయన ఏమీ అనుకోలేదు.

ఓరుగల్లు_ఆడపడుచు (హనుమకొండ) – నవంబరు 9, ఉదయం 9:00

బ్యూటీ పార్లర్లలో కూడా సూదుల రోలర్ చేస్తున్నారు. మా వీధిలోనే ఒక చోట బోర్డు ఉంది. అది తేలికపాటిదే కదా, ఫర్వాలేదా?

చర్మవైద్యురాలు (తిరుపతి) – నవంబరు 9, రాత్రి 8:15

ఫర్వాలేదు అనలేను. రక్తం వచ్చే ఏ పనీ పార్లరులో జరగకూడదు. అమెరికాలోని న్యూమెక్సికోలో అనుమతి లేని ఒక స్పాలో రక్తపు ప్లేట్‌లెట్లతో సూదుల ఫేషియల్ చేయించుకున్నవారికి హెచ్‌ఐవీ సోకిందని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో నివేదించింది. సూది కొస మీ ఎదురుగా కొత్త ప్యాకెట్ విప్పి తీయాలి. మీకు వాడినదాన్ని మీ ఎదురుగానే పారవేయాలి. ఇంట్లో వాడే రోలర్ల సూదులు కొద్ది వాడకానికే మొండిబారి చర్మాన్ని గుచ్చడానికి బదులు చీరుతాయి.

చేసేవారి అర్హతను కూడా చూడండి. ఎం.డి. లేదా డి.ఎన్.బి. డెర్మటాలజీ, డి.వి.డి., డి.డి.వి.ఎల్. వంటివి చర్మవైద్యంలో అర్హతలు. కాస్మటాలజీ సర్టిఫికెట్ వేరు. రిజిస్ట్రేషన్ నంబరును రాష్ట్ర వైద్య మండలిలో సరిచూసుకోవచ్చు. పెదవుల మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటు, చెవి కుట్టినచోట కెలాయిడ్ గడ్డ కట్టిన చరిత్ర, గర్భం ఉంటే అడగకపోయినా మీరే చెప్పండి. మొదటిదానికి లేజర్ ముందు వైరస్ మందు ఇవ్వాలి, లేకపోతే ముఖమంతా పొక్కులు పాకగలవు. రెండోది ఉంటే లోతైన చికిత్స గురించి మళ్లీ ఆలోచించాలి.

మల్లెపందిరి (విజయవాడ) – నవంబరు 9, రాత్రి 10:30

పెళ్లి మార్చి మొదటి వారంలో. ఆలోగా కనీసం ఒక్క పీల్ అయినా కుదురుతుందా అని అమ్మ అడగమంటోంది.

మంగళగిరి_అమ్మ – నవంబరు 10, ఉదయం 5:50

తల్లీ, తొందరపడవద్దు. మా తోడికోడలు కూతురికి పెళ్లికి తొమ్మిది రోజుల ముందు పీల్ చేయించారు. పొట్టు ఇంకా రాలుతుండగానే పెళ్లికూతురిని చేసే రోజు వచ్చింది. ముత్తైదువులందరూ ఆప్యాయంగా నలుగు పెట్టారు. శనగపిండి, పసుపు కలిపి రుద్దేసరికి రాలవలసిన పొట్టు రాలకముందే ఊడింది. పీటల మీద కూర్చునే నాటికి నుదుట, బుగ్గల మీద నల్లని చారలు. పిల్ల పెళ్లంతా తల వంచుకునే కూర్చుంది. సిగ్గు వల్ల అని అందరూ అనుకున్నారు.

చర్మవైద్యురాలు (తిరుపతి) – నవంబరు 10, రాత్రి 9:05

అమ్మ చెప్పినది నేను ప్రతి ముహూర్తాల కాలంలోనూ చూస్తున్నాను. పీల్ తర్వాత పొట్టు తనంతట తాను రాలాలి. గోకడం, రుద్దడం, నలుగు, ఆవిరి, వాక్సింగ్, థ్రెడింగ్ ఏవీ చర్మం కుదుటపడేవరకు వద్దు. పెళ్లికి ముందు చేయించుకోదలచినవారు చివరి తేలికపాటి పీల్‌ను కనీసం నెల ముందు ముగించాలి. లోతైన వాటికి ఆరు నెలల వ్యవధి ఉంచుకోవాలి. మల్లెపందిరి గారి విషయంలో స్టెరాయిడ్ ప్రభావం పోవడానికే నెలలు పట్టవచ్చు కనుక ఈ పెళ్లికి పీల్ కూడా వద్దన్నదే నా మాట. పెళ్లిరోజున మంచి మేకప్ వేసుకోండి. అది గుంటలను కొంత కప్పుతుంది, మరునాడు కడిగేసుకోవచ్చు.

మల్లెపందిరి (విజయవాడ) – నవంబరు 29, సాయంత్రం 6:40

పోయిన వారం నాలుగో డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఈసారి ట్యూబు, మాత్రల చీటీలు తీసుకుని వెళ్లి, నా గుంటలు ఏ రకానివి, నా చర్మం ఏ తరగతిది, యంత్రం ఎవరు పట్టుకుంటారు అని నేనే ముందుగా అడిగాను. ఆయన ముఖాన్ని కడిగించి, పక్క నుంచి దీపం పెట్టి పావుగంట చూశారు. చర్మం నాలుగు, ఐదు తరగతుల మధ్య ఉందన్నారు. క్రీమును రాత్రి విడిచి రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు అని తగ్గిస్తూ ఆపించే చీటీ రాశారు. దానితో పాటు మంట తగ్గే లేపనం, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. గుంటలకు సబ్‌సిషన్, కణత దగ్గరివాటికి క్రాస్ అన్నారు, తర్వాత అవసరమైతే మామూలు సూదులు చేద్దామన్నారు. అన్నీ వచ్చే వర్షాకాలం తర్వాతే. డబ్బు ముందుగా ఏమీ కట్టమనలేదు.

మొదటి మూడు రాత్రులు మంటకు నిద్ర పట్టలేదు. ఈ రోజు కొంచెం నయం. రోజూ ఉదయం ఏడింటికి అదే కిటికీ దగ్గర, అదే వైపు నుంచి ఫోటో తీసి పెట్టుకోమన్నారు. మొదలుపెట్టాను. చికిత్స మొదలయ్యాక ఇక్కడ మళ్లీ రాస్తాను.